మోగకూడని రాయి

"మీ తమ్ముడు నెల్లో మంగళవారం రాత్రి భోజనానికి వచ్చాడా?"

"రాలేదమ్మా."

"నిన్న మావాళ్లు అడిగితే వచ్చాడన్నావు. చిక్కుళ్ల చారు తాగి పడుకున్నాడన్నావు."

ఆర్జియా ఏప్రన్ అంచును వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. "నిన్న ఏమన్నానో నాకే గుర్తులేదు."

ఇన్‌స్పెక్టర్ ఫోస్కా నోటుపుస్తకంలో టైము వేసుకుంది. గురువారం, ఉదయం పదీ ఇరవై.

ఆమెను పంపింది ఈ వాంగ్మూలం రాసుకురమ్మని మాత్రమే. ఆడ పోలీసులకు డిపార్టుమెంటు అప్పజెప్పే పని అదే, ఆడవాళ్లనీ పిల్లల్నీ అడగడం. మగవాళ్లు కుక్కల్ని తీసుకుని నెల్లో కోసం కొండెక్కారు. వాళ్ల లెక్కలో కేసు నిన్ననే తేలిపోయింది. బుధవారం ఉదయం ఏడింటికి, కౌంట్ గంబరెల్లి ఇంట్లోని శిల్పశాలలో ప్రొఫెసర్ వాల్సెక్కి శవం దొరికింది. తల వెనక పగిలి ఉంది. పడి ఉన్నది పాలరాతి మెలెయాగ్రో విగ్రహం పాదాల దగ్గర. పక్కనే శిల్పి నెల్లో సుత్తి. ఊళ్లో నెల్లో లేడు. ఇంకేం కావాలి?

శిల్పశాల తాళాలు ఇరవై ఎనిమిదేళ్లుగా ఆర్జియా బొడ్లోనే ఉంటున్నాయి. నెల్లో ఆమె తమ్ముడు.

"పిన్నీ," అంది ఫోస్కా పెన్ను మూసి. "ఇవాళ గురువారం. మన ఊళ్లో బట్టలు నానబెట్టేది సోమవారం."

ఆర్జియా చూపు వంటగది మూలనున్న తొట్టి వైపు వెళ్లి, చటుక్కున వెనక్కి వచ్చేసింది. తొట్టిలో ఒక తెల్ల దుప్పటి వేసి ఉంది. అందులో చుక్క నీళ్లు లేవు. పైగా ఆ గదిలో ఆరిన బూడిద వాసన వస్తోంది. ఆర్జియా వంట చేసేది గ్యాసు మీద.

"అటు వెళ్లకు, ఫోస్కా. నీ కాళ్లకు దణ్ణం పెడతాను."

ఇంతసేపూ పరాయి మనిషిలా మాట్లాడినావిడ పేరు పెట్టి పిలిచేసరికి ఫోస్కా ఒక్క అడుగు దగ్గర ఆగింది. అయినా వెళ్లి దుప్పటి ఎత్తింది.

అడుగున సగం కాలిన ఆలివ్ కట్టె. మూరెడు పొడవుంటుంది. కాలని చివర ఒక కాగితం టోపీ, మేకుతో కొట్టి ఉంది. పాలరాతి దుమ్ము జుట్టులో పడకుండా ఈ కొండ మీది శిల్పులు పెట్టుకునే టోపీయే. పొద్దున్నే ఆ రోజు న్యూస్‌పేపరు తీసుకుని నాలుగు మడతలు వేసి తలకు పెట్టుకుంటారు, సాయంత్రం పారేస్తారు.

ఫోస్కా కట్టెను చేతిలోకి తీసుకుంది. ఈ ఊరి బడిలో చదివినవాళ్లకు ఆ కట్టె ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పాత గ్రీకు కథలో మెలెయాగ్రో పుట్టినప్పుడు విధి దేవతలు ముగ్గురూ వచ్చి, పొయ్యిలో ఉన్న ఆ కట్టె కాలిపోయేదాకానే వీడి ఆయుష్షు అన్నారు. తల్లి ఆ కట్టెను లాగి ఆర్పి పెట్టెలో దాచింది. కొడుకు పెద్దవాడై, అడవిపందిని చంపి వీరుడనిపించుకున్నాడు. ఒక రోజున కోపం పట్టలేక తల్లే ఆ కట్టెను తీసి పొయ్యిలో పెట్టింది, అది కాలగానే కొడుకు పోయాడు.

"ఎప్పుడొచ్చింది?"

"తెల్లవారి అయిదింటికి ఫోను మోగింది. గుమ్మంలో చూడమన్నాడు."

"ఎవరు?"

"మగ గొంతు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నట్టు ఉంది. 'పన్నెండింటికి విగ్రహం బయల్దేరుతుంది. అప్పటిదాకా నువ్వు నోరు విప్పినా, ఇంకెవరైనా ఆ రాయిని తట్టినా, మిగతా సగం కాలుతుంది' అన్నాడు." ఆర్జియా కుర్చీలో కూలబడింది. "ఇప్పుడు నువ్వు నా చేత నోరు విప్పించావు. క్వారీలో పోయిన బాత్తీ కూతురివని లోపలికి రానిచ్చాను. నా తమ్ముణ్ణి నేనే చంపుకున్నాను."

"ఇంకా చంపుకోలేదు. టోపీ చూడు."

"చూశాను. వాడిదే. వాడు కుడివైపు మడత రెండుసార్లు వేస్తాడు."

"తేదీ చూశావా?"

ఆర్జియా కళ్లద్దాల కోసం తడుముకుంది. ఫోస్కా ఆగలేక తనే చదివింది. "బుధవారం. నెల్లో కనిపించకుండా పోయింది మంగళవారం రాత్రి. అంటే నిన్న వాడు బతికే ఉన్నాడు, చేతికి పేపరు దొరికితే అలవాటు కొద్దీ టోపీ మడుచుకున్నాడు. తీసుకెళ్లినవాడు దాన్నే నీకు పంపాడు."

ఆర్జియా టోపీని రెండు చేతుల్తో పట్టుకుంది. ఏడవలేదు. ఆ మడతలనే చూస్తూ కూర్చుంది.

ఫోస్కా ఆ పేపరును వెలుతురులో తిప్పి చూసింది. అంతా మిలాన్ షేర్ల ధరలు. ఊళ్లో పొగాకు కొట్టువాడు ఇలాంటివి తెప్పించడు. ఒక అంచున వేలెడు వెడల్పున జిగురు మరక, దానికి అంటుకుని గోధుమరంగు కాగితం పీలిక. తర్వాత కట్టెను ముక్కు దగ్గర పెట్టుకుంది. బూడిద వాసన కింద ఇంకేదో ఉంది. బెరడు పగుళ్లలో తెల్లగా ఇరుక్కున్నదాన్ని గోటితో తీసి నాలుక మీద వేసుకుంది. కల్లుప్పు.

"ఇప్పుడు మొదటినుంచి చెప్పు. ఆ రాయిని తడితే ఏమవుతుంది?"

ఆర్జియా తల ఎత్తింది. "నీకు తెలీదా? క్వారీ పిల్లవి."

"నీ నోటితో చెప్పు."

"రోజూ ఆరింటికి తాళం వేసేముందు బ్రష్షుతో దుమ్ము దులిపి, తొడమీద ఒకసారి వేలిముడితో తడతాను. పడుకోరా అబ్బీ అన్నట్టు. ఇరవై ఎనిమిదేళ్లూ అది ఒకటే మాట పలికింది. బీటకుండ మాట. కుడి తొడలో వెంట్రుక ఉంది కదా."

క్వారీ వాళ్లు రాతి లోపలి సన్నబీటను వెంట్రుక అంటారు. బీట లేని పాలరాయి తడితే గంటలా మోగుతుంది. వెంట్రుక ఉన్నది మొద్దుగా పలుకుతుంది. కొనేముందు ప్రతి దిమ్మనూ తట్టి వినడం ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు.

"సోమవారం తట్టాను," అంది ఆర్జియా. "మోగింది."

ఫోస్కా పెన్ను మళ్లీ తెరిచింది.

"అంతకుముందు హాలు మూశారా?"

"పోయిన వారం నాలుగు రోజులు. సున్నం వేయించాలన్నారు. ఇన్సూరెన్సు వాళ్ల షరతట."

"చలికాలంలో నెల్లో ఏం చెక్కాడు?"

"మెలెయాగ్రో నకలు. మిలాన్ వాళ్లెవరికో, తోటలో పెట్టుకోవడానికట. పేరు చెప్పకూడదని ఒట్టు వేయించుకున్నారు. నాకు కూడా చెప్పలేదు వెధవ. సోమవారం అది మోగాక ఇంటికొచ్చి అడిగాను. వాడి మొహం సున్నంలా అయిపోయింది. నేను మంగళవారం పొద్దున్న ప్రొఫెసరుగారికి చెప్పాను. ఆయన నవ్వారు. తర్వాత తనే వెళ్లి తట్టి చూసుకున్నారు. మళ్లీ నవ్వలేదు. రాత్రికి పోయారు."

"మిలాన్ ఇన్సూరెన్సాయన ఊళ్లోకి ఎప్పుడు దిగాడు?"

"మంగళవారం మధ్యాహ్నం. విగ్రహాన్ని బ్యాంకు గదిలో పెట్టించడానికి వచ్చాట్ట."

ఫోస్కా లేచింది. పదీ నలభై. "నువ్వు ఇక్కడే ఉండు. తలుపు గడియ పెట్టుకో."

"నువ్వు దాన్ని తట్టకు, ఫోస్కా."

ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

*

శిల్పశాలలో విగ్రహం గాల్లో ఉంది.

పైదూలానికి చైన్ పుల్లీ బిగించి, చంకల కింద బెల్టులు వేసి, పీఠం మీంచి మూరెడు ఎత్తు లేపి వదిలేశారు. మనిషికంటే పెద్ద మెలెయాగ్రో, కాలి దగ్గర పంది తలతో సహా గొలుసు చివర నిలబడ్డాడు. కదలడం లేదు. పనివాళ్లు ఇద్దరూ రొట్టె తినడానికి సారా కొట్టుకు పోయారు. ఓ పక్క మూత తీసిన చెక్కపెట్టె.

పీఠానికీ పాదాలకూ మధ్యనున్న ఆ ఖాళీని చూడగానే ఫోస్కా గుమ్మంలోనే ఆగింది. ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు వాళ్ల నాన్న మీద క్వారీ కూలింది. అప్పటినుంచి గొలుసుకు వేలాడే రాయి కింద నుంచి ఆమె ఎప్పుడూ నడవలేదు.

"ఎవరు రానిచ్చారు మిమ్మల్ని?" మిలాన్ ఇన్సూరెన్సాయన పియలోర్సి పెట్టె పక్కనుంచి లేచాడు. బూడిదరంగు సూటు, చేతిలో పేపర్లు, చంకలో మడిచిన న్యూస్‌పేపరు. మిలాన్ షేర్ల పేపరే. ఫోస్కా చూపు దాని మీద ఆగింది.

"హత్య జరిగిన చోటు పోలీసులదండీ. మిమ్మల్ని ఎవరు రానిచ్చారు?"

"మీ పై అధికారి సంతకం ఉంది. చదవడం వచ్చు కదా?"

"వచ్చు. విగ్రహాన్ని కదపొచ్చని ఉంది. నన్ను బయటికి పంపొచ్చని లేదు."

కిటికీ దగ్గర కర్ర ఆనించుకుని నిలబడ్డ కౌంట్ గంబరెల్లి చిన్నగా నవ్వాడు. డెబ్భై దగ్గర పడ్డ మనిషి. ఏ కాలంలోనైనా భుజాన కోటు కప్పుకునే ఉంటాడు. "పోనీండి పియలోర్సి గారూ. బాత్తీ కూతురు ఈ కొండ బిడ్డ. చూసి పోతుంది."

"ప్రొఫెసరు పోయిన టైములో, మంగళవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా మీరెక్కడున్నారు?" ఫోస్కా పియలోర్సిని అడిగింది.

"నన్నా అడుగుతున్నారు?"

"ఇక్కడ ఇంకెవరు కంగారు పడుతున్నారు?"

"సత్రంలో. ఆరూ పదికి మా ఆఫీసుకు ట్రంక్ కాల్ చేశాను. ఏడింటికి భోంచేశాను. మొక్కజొన్న పిండి ముద్ద, మాడిపోయింది, అది కూడా రాసుకోండి." అతను గడియారం చూశాడు. "మేడమ్, మీ పని ఆడవాళ్లు ఏడిస్తే రుమాలివ్వడం. నా పని ఈ రాయి పగలకుండా చూడడం. పన్నెండింటికి సీలు వేసి లారీ ఎక్కిస్తాను. ఆ తర్వాత పదేళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోరు."

"పదేళ్లా?"

"హత్య జరిగిన ఇంట్లో ఉన్న సరుకుకి మా కంపెనీ షరతులు అలాగే ఉంటాయి."

ఫోస్కా విగ్రహం దగ్గరికి నడిచింది. నడిచేముందు గొలుసు వంక చూసింది. పళ్లచక్రం వెనక్కి తిరగకుండా ఇనుప నాలుక ఒకటి అడ్డం పడి ఉంది. బొటనవేలంత ఉంటుంది. టన్ను బరువు దాని మీదే ఆగింది.

వందల ఏళ్లపాటు ఈ మెలెయాగ్రోని రోమనుల కాలం వాడనే అనుకున్నారు. ద్రాక్షతోట తవ్వితే దొరికాడు మరి. అంచున పళ్లున్న ఉలి గాట్లు చూసి, ఇది అయిదు వందల ఏళ్లనాటి ఒక బీద శిల్పి చేసిన మోసమని తేల్చింది ఈ ప్రొఫెసర్ వాల్సెక్కే, తన పాతికేళ్ల వయసులో. ఆ శిల్పి చెక్కి, మట్టిలో పాతి, కొన్నేళ్లకు తవ్వి, పాతదని అమ్మేశాడు. వెంట్రుకున్న రాయిని కావాలనే ఎంచుకున్నాడు, మట్టిలో దానంతటదే బీటవారి పాతదిలా కనిపిస్తుందని. ఇది ప్రొఫెసరు బడిపిల్లలకు చెప్పడానికి బాగా ఇష్టపడే ముక్క.

ఫోస్కా భూతద్దం తీసి కుడి తొడ మీది బీట వెంట నడిపింది. గోధుమరంగు సన్నగీత, ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. గోటితో గీసింది. గోరు గీత అడుగును తాకి ఆగింది.

నిజమైన బీటకు అడుగుండదు.

ఆమె అలాగే వంగి ఉండిపోయింది. గీతను ఉలితో గీసి, టీ డికాషన్ లాంటిదేదో నింపారు. ఎంత బాగా చేశాడంటే నెల్లో మీద జాలితో పాటు గౌరవం కూడా కలిగింది. అన్నీ దించాడు, ఒక్కటి తప్ప. బీట ఉన్న రాయి మీద ఉలి పెట్టడానికి ఈ కొండ శిల్పికి చెయ్యి రాదు. చచ్చినా రాదు. పాత శిల్పి అబద్ధం కోసం చెడ్డ రాయిని ఎంచుకున్నాడు. నెల్లో తోటలో పెట్టే బొమ్మకు కూడా మంచి రాయినే తెచ్చుకున్నాడు.

"అయిందా?" అన్నాడు పియలోర్సి.

"దొరగారూ," ఫోస్కా వెనక్కి తిరక్కుండానే అడిగింది, "పైన ఈ దూలానికి ఇనుపకొక్కెం ఎప్పటిది? కొత్తది కాదు."

"యుద్ధం నాటిది. నలభై నాలుగులో జర్మన్లు ఎత్తుకుపోతారని మా నాన్న దీన్ని కిందికి దింపించాడు. పంది కొవ్వు ఊరబెట్టే నేలమాళిగలోకి. యుద్ధం అయ్యాక పైకి తీసి నేలమాళిగ మూయించేశాడు." కౌంట్ కర్ర తీసుకున్నాడు. "ఆ పనివాళ్లు ఇంకా తింటూనే ఉన్నట్టున్నారు. నేను పిలుచుకొస్తాను."

అతని కర్ర చప్పుడు వసారా చివరిదాకా వెళ్లి తగ్గిపోయింది. పదకొండూ అయిదు.

ఫోస్కా లెక్క వేసుకుంది. పన్నెండింటికి సీలు పడితే, పదేళ్లపాటు ఈ రాయి మోగదు. ఆర్జియా మాట ఎవరూ వినరు. అప్పుడు నెల్లోని బతికించి ఉంచాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. తడితే ఇప్పుడు చంపుతాడు, తట్టకపోతే పన్నెండింటికి చంపుతాడు. మధ్యలో ఉన్నది యాభై అయిదు నిమిషాలు.

చెయ్యి ఎత్తింది. పియలోర్సి మొహం మీంచి చూపు తిప్పకుండా మెలెయాగ్రో తొడమీద వేలిముడితో తట్టింది.

మోగింది. సన్నగా, తీయగా, చాలాసేపు. గొలుసులోకి పాకి, దూలందాకా వెళ్లి ఆగింది.

"ఏమిటది?" అన్నాడు పియలోర్సి.

"మీ పాలసీలో తొడలో బీట ఉందని రాసుందా?"

"ఉంది. నాలుగో పేజీ."

"బీట ఉన్న రాయి ఇలా మోగదండీ. అసలు విగ్రహాన్ని దాటించేసి దీన్ని పెట్టారు. మీరు సీలు వేయబోతున్న దీని వయసు నాలుగు నెలలు."

అతని మొహాన్ని ఆమె చదువుతోంది. హంతకుడైతే ముందు కళ్లు తలుపు వైపు వెళ్లాలి. అతని కళ్లు చేతిలోని పేపర్ల మీదికి, సంతకం మీదికి వెళ్లాయి. నుదుటిమీద చెమట పట్టింది.

"నేను సంతకం పెట్టేశాను," అన్నాడు నెమ్మదిగా. "పొద్దున్నే పెట్టేశాను. సరైనదే అని."

"నాలుగు రోజులు హాలు మూయించి సున్నం వేయమన్నది మీరేనా?"

"సున్నమా? మేమెందుకు అడుగుతాం? ఫోను ఎక్కడుంది? మా ఆఫీసుకు చెప్పాలి. దేవుడా, నా ఉద్యోగం."

అతను వసారాలోకి దాదాపు పరుగెత్తాడు. చంకలోని పేపరు జారి చెక్కపెట్టె మీద పడింది. ఫోస్కా దాన్ని ఒక్క ఊపున విప్పింది. బుధవారానిది. మొదటి పేజీ ఉంది, చివరి పేజీ ఉంది. ఎక్కడా జిగురు లేదు. నిన్న స్టేషన్‌కు పోయి కొనుక్కున్న పేపరు.

జిగురు పట్టీతో వచ్చేది పోస్టులో వచ్చే పేపరు. ఆ పట్టీ మీద అడ్రసు ఉంటుంది. ఈ ఊరికి నాలుగింటి బస్సులో మిలాన్ షేర్ల పేపరు ఎవరి అడ్రసుకు వస్తుంది?

ఫోస్కాకు కౌంట్ కర్ర చప్పుడు గుర్తొచ్చింది. వసారాలోంచి కుడివైపు తిరిగితే సారా కొట్టు. చప్పుడు ఎటు వెళ్లి తగ్గిందో ఆమె వినలేదు.

బెరడులో కల్లుప్పు. పంది కొవ్వు ఊరబెట్టే రాతి తొట్లలో వేసేది కల్లుప్పే. మూసేసిన నేలమాళిగ. విగ్రహాన్ని నిట్టనిలువుగా దింపారంటే, ఆ నేలమాళిగ నోరు ఎక్కడుండాలి?

ఆమె పీఠం వైపు చూసింది. తర్వాత, పైన వేలాడుతున్న టన్ను రాయివైపు.

*

కొండ కూలినప్పుడు క్వారీ వాళ్లు అరవరు. అరిస్తే ఇంకా కూలుతుంది. ఒకడు బండమీద మూడుసార్లు కొడతాడు. అందరూ చెవులు రాతికి ఆనించి ఊపిరి బిగబడతారు. లోపలివాడు బతికుంటే మూడుసార్లు కొడతాడు. ఆ రోజు తొమ్మిదేళ్ల ఫోస్కా కూడా చెవి ఆనించింది. పొద్దువాలేదాకా ఆనించే ఉంచింది. రాయి చల్లగా ఉండటం తప్ప ఏమీ వినపడలేదు. ఆ తర్వాత ముప్పై ఒక్క ఏళ్లలో ఆమె ఏ రాతికీ చెవి ఆనించలేదు.

పారిపోవచ్చు. వెళ్లి మగవాళ్లని కొండ దింపి తేవచ్చు. గంటన్నర పడుతుంది. ఆ గంటన్నరా కౌంట్ కూర్చుని ఎదురుచూస్తాడా?

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. పీఠం మీదికి వంగింది. మెడ మీద మెలెయాగ్రో పాదాల చల్లదనం తగులుతున్నట్టే అనిపించింది. జేబులోంచి తాళంచెవి తీసి పీఠంరాతి మీద మూడుసార్లు కొట్టింది. చెవి ఆనించింది.

ఏమీ లేదు.

గుండె చప్పుడు ఎక్కువై వినపడనీయడం లేదని తెలిసి, నోరు తెరిచి మెల్లగా ఊపిరి వదిలింది. మళ్లీ మూడు.

రాయి చల్లగా ఉంది.

ఆ తర్వాత, చాలా కిందనుంచి, నీళ్ల అడుగున గులకరాయి పడ్డట్టు, టక్. టక్. టక్.

కళ్లలో నీళ్లు ఎప్పుడు వచ్చాయో తెలియలేదు. "నెల్లో," అంది పెదవులు కదిపి.

నాలుగో చప్పుడు పైనుంచి వచ్చింది. ఇనుముమీద ఇనుము కదిలిన చప్పుడు.

"లేవకు, అమ్మాయీ," అన్నాడు కౌంట్ గంబరెల్లి.

చెవి రాతికి ఆనించే ఉంది కాబట్టి ఆమెకు అడ్డంగా అతని చెప్పులు కనిపించాయి. వాటి మీద సన్నటి ఆలివ్ బెరడు పొడి. కర్ర లేదు. ఒక చెయ్యి గొలుసుమీద, రెండోది పళ్లచక్రం దగ్గర, ఇనుప నాలుక మీద ఉన్నాయి. భుజాన వేసుకున్న కోటు జేబులోంచి ఒక న్యూస్‌పేపరు బయటికి వచ్చి ఉంది. పైన ఉండాల్సిన మొదటి పేజీ లేదు. గోధుమరంగు పట్టీ తెగి వేలాడుతోంది.

"నేను వాణ్ణి చంపాలనుకోలేదు," అన్నాడు అతను. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ప్రొఫెసర్ని కూడా అనుకోలేదు. ఆ రాత్రి నా ముందు మళ్లీ తట్టి, నా వైపు తిరిగి నవ్వాడు. నలభై ఏళ్ల క్రితం మా నాన్నను చూసి కూడా అలాగే నవ్వాడు. మీ వీరుడు నకిలీ దొరగారూ, అని. ఒక ఇల్లు అలాంటి నవ్వు రెండుసార్లు పడుతుందా?"

"దొరగారూ, చెయ్యి తీయండి."

"ఇప్పుడు నేను చెయ్యి తీస్తేనే ప్రమాదం." నిజంగానే నవ్వాడు. "పీఠం కింద నేలమాళిగ నోటికి మూసిన రాతిబిళ్ల సన్నటిది. ఇది పడితే నీతో పాటు కిందికి పోతుంది. వాడు సరిగ్గా దాని కిందే ఉన్నాడు. నీ చప్పుడు విని వచ్చి ఉంటాడు పాపం. చైన్ పుల్లీ పాతదని అందరికీ తెలుసు. పియలోర్సి రిపోర్టులో కూడా రాశాడు."

ఫోస్కా కదల్లేదు. కదిలితే అతను ఇనుప నాలుక ఎత్తేస్తాడు. తను పక్కకు దొర్లి బతకొచ్చు. కానీ కింద మూడు దెబ్బలు కొట్టినవాడు ఇంకో మూడు దెబ్బల కోసం చెవి పైకెత్తి, ఆ బిళ్ల కిందే నిలబడి ఉన్నాడు. రమ్మని పిలిచింది తనే.

అప్పుడు తలుపులో ఏప్రన్ కనిపించింది.

ఆర్జియా. గడియ పెట్టుకోమంటే పెట్టుకోలేదు. ఒక చేతిలో కాగితం టోపీ. ఆమె ముందు గొలుసును చూసింది, తర్వాత ఇనుప నాలుకమీదున్న చెయ్యిని, తర్వాత రాతికి చెవి ఆనించిన ఫోస్కాను. క్వారీ ఇంట పుట్టిన మనిషి. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"ఆర్జియా," అన్నాడు కౌంట్ మెల్లగా, పెంపుడు కుక్కతో మాట్లాడినట్టు. "తలుపు మూసి ఇంటికి పో. నోరు మూసుకుంటే నీ తమ్ముడు బతుకుతాడని చెప్పాను కదా."

ఆమె టోపీని మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది. ఇరవై ఎనిమిదేళ్లు ఆ దొరకు ఎదురుచెప్పని మనిషి నేలమీద బోర్లా పడుకుని, పలకల మధ్య సందులో నోరు పెట్టింది.

"నెల్లో," అంది, కొండమీద మందను పిలిచే గొంతుతో, గోడలు అదిరేలా. "గోడకు పోరా. మధ్యలోంచి గోడకు పో."

ఫోస్కా చెవికింద, రాతిలో, ఎవరో పడుతూ లేస్తూ పరుగెత్తుతున్న చప్పుడు మొదలైంది.

పైన ఇనుప నాలుక లేచింది. ఫోస్కా పక్కకు దొర్లింది.